భూదేవి ఇంటి పెరుగు

తొమ్మిదిన్నరకు ఫ్రిజ్‌లోంచి పెరుగు డబ్బా తీసుకోవాలి, పదింటికల్లా యూనివర్సిటీ ల్యాబులో ఉండాలి. స్వరూప ఆ పొద్దుటి పథకం ఇంతే. పరిశోధన పద్ధతుల శిక్షణకు మిగతా ఎమ్మెస్సీ పిల్లలంతా ప్యాకెట్ పెరుగు తెచ్చుకుంటే, ఆమె మాత్రం తల్లి భూదేవి పుట్టింటి నుంచి తెచ్చుకుని ఇరవై ఆరేళ్లుగా తెగకుండా తోడుపెడుతున్న పెరుగును ఎంచుకుంది. అందులోని బ్యాక్టీరియాను విడదీసి పెంచి చూపించాలి. అందరికన్నా బాగా చేసిన ఒక్కరికి ప్రొఫెసర్ సూర్యనారాయణ గారి ప్రాజెక్టులో చోటు. మొదటిసారి ఫ్యాను కింద మూత తీయడంతో బ్యాక్టీరియాకు బదులు బూజు పెరిగింది. ఈసారి పదకొండింటిలోపు ల్యాబులోని గాజు పళ్లెంలో వేయకపోతే, పరీక్ష నాటికి ఏమీ పెరగదు.

"అమ్మా, ఫ్రిజ్‌ల డబ్బ ఏది?"

"పైన పద్మావతక్క తోడుకు అడిగితే డబ్బతోనే ఇచ్చిన. మిగిలిందంత రాత్రి చుట్టాలు తిన్నరు గదా."

"మొత్తం ఇచ్చినవా? అది నా పరీక్షనే!"

"పెరుగుకు పరీక్ష ఏందే? తోడుకొచ్చినోళ్లను ఉత్త చేతులతోని పంపుతమా?"

స్వరూప రెండేసి మెట్లు ఎక్కుతూ పైకి పరుగెత్తింది. "ఆంటీ, మా పెరుగేది? దాంట్ల బ్యాక్టీరియా ఉన్నది, జల్ది ల్యాబుకు తీస్కపోవాలె!"

"అయ్యయ్యో, అరచెంచా రుచి చూశానే తల్లీ!" అంటూనే పద్మావతి, తోడేసిన రెండు లీటర్ల పాలూ సింకులో ఒంపేసింది. అది మంచి బ్యాక్టీరియా అని చెప్పేలోపు గిన్నె కూడా కడిగేసింది. మిగిలిన డబ్బాను కింద నరహరి ఇంటికి పంపించిందట.

నరహరి ఆ అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి. స్వరూప వెళ్లేసరికి ఆయన తలుపుకు తాళం ఉంది. ఈలోగా పద్మావతి వాట్సాప్‌లో పెట్టేసింది: "భూదేవి గారి పెరుగులో బ్యాక్టీరియా. యూనివర్సిటీ వాళ్లు వెతుకుతున్నారు." మూడో చేతికి అది తార్నాక పెరుగంతా అయింది. ఐదో చేతికి మాణికేశ్వర్ నగర్ దాకా పాలలో కూడా బ్యాక్టీరియా ఉన్నట్టయింది. వీధిలో ఏ సింకు చూసినా తెల్లగానే పారింది. భూదేవి గుమ్మంలో నలుగురు చేరి, వాంతులు ఎప్పుడు మొదలవుతాయని అడగసాగారు. ఆవిడకు ఏడుపొక్కటే తక్కువ. స్వరూప ఉత్త చేతులతో ఆటో ఎక్కింది.

"నమూనా ఏదమ్మా?" అన్నారు సూర్యనారాయణ గారు.

"అందరు పారబోసిన్రు సార్."

గడియారంలో పది నలభై అయింది. ఆయన పక్క బల్ల దగ్గరికి వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేదనిపించి స్వరూపకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

అప్పుడే హెల్మెట్ కూడా తీయకుండా నరహరి లోపలికి దూసుకొచ్చాడు. ఒక చేతిలో ఫిర్యాదు కాగితం, రెండో చేతిలో ఐసుముక్కల సంచి. సంచిలో చుట్టూ టేపు వేసిన పెరుగు డబ్బా. టేపు మీద తేదీ, సమయం, ఇద్దరు సాక్షుల సంతకాలు.

"సార్, నేను పొద్దుగాల రెండు చెంచాలు తిన్న, వాట్సాప్‌ల చూసి ఉరికొచ్చిన. గీ పెరుగుల ఏమున్నదో మీరే తేల్చాలె. భూదేవమ్మను ఊకె వదిలిపెట్ట!"

సూర్యనారాయణ గారు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూశారు. "ఎప్పుడు తీశారో, ఎవరి ముందు తీశారో రాశారు. సీలు వేశారు. చల్లగా తెచ్చారు. మూడు వారాలుగా నేను నెత్తీనోరూ బాదుకుంటున్నది దీనికేనండీ. మా పిల్లలు ఒక్కరూ ఇలా తేలేదు."

స్వరూప అప్పటికే లేచి ఫ్యాను ఆపేసింది. ఒక్క చెంచా తీసుకుని, పదకొండుకు ఐదు నిమిషాల ముందు పని ముగించింది.

"గిన్ని తిన్ననా నేను?" అన్నాడు నరహరి సూక్ష్మదర్శినిలోకి చూసి.

"అవి ఉంటేనే అది పెరుగు అంకుల్. మంచియే."

నరహరి మిగిలిన డబ్బాను పదిలంగా ఇంటికి తీసుకెళ్లి వీధంతటికీ తోడు పంచాడు. రెండు రోజులకు స్వరూప పళ్లెంలో ఆవగింజలంత తెల్లచుక్కలు వేటికవి విడివిడిగా తేలాయి. బూజు జాడ లేదు. ఆమె పట్టలేని సంతోషంతో అక్కడినుంచే ఫోన్ చేసింది. "అమ్మా, మన పెరుగు గెలిచింది!"

"ఇరవై ఆరేండ్ల సంది గెలుస్తనే ఉన్నది బిడ్డా," అంది భూదేవి.

ప్రాజెక్టులో చోటు స్వరూపకే దక్కింది. భూదేవి మీద నరహరి ఇచ్చిన ఫిర్యాదు మాత్రం ఇంకా విచారణలోనే ఉంది.