ఎలాగూ లేచావుగా

మంగళవారం పొద్దున పాలు పొంగే వేళకు సువర్చల మోకాళ్లు రెండూ ఆమెను వదిలేసి బాల్కనీలోకి వెళ్లి, పూలకుండీల పక్కనున్న పేము కుర్చీలో కూర్చున్నాయి. కాకినాడలో నడివయసు దాటిన ఆడవాళ్ల మోకాళ్లు ఇలా చేయడం కొత్తేమీ కాదు. అందుకని ఆమె ముందు పొయ్యి కట్టేసి, ఆ తర్వాతే భర్తను పిలిచింది.

"ఏవండీ, నా మోకాళ్లు వెళ్లిపోయాయి."

"ఎంతదూరం?" అన్నాడు సదాశివరావు, పేపరు దించకుండా.

"బాల్కనీ దాకా."

"ఇంట్లోనే ఉన్నాయిగా మరి. కాఫీ అయిందా?"

కాఫీ అయింది. మోకాళ్లు లేకపోతే కాళ్లు మడతపడవు గాని నిలబడడానికి ఇబ్బంది లేదు. జామెట్రీ పెట్టెలోని కంపాసులా ఒక్కో కాలూ తిప్పుకుంటూ వచ్చి ఆమె గ్లాసు అందించింది.

మోకాళ్లు స్థానం విడిచినప్పుడు ఏం చేయాలన్నది మోకాళ్ల శాఖ నిబంధనల్లో స్పష్టంగానే ఉంది. వారంలోగా రాజీ కుదరాలి. కుదరకపోతే పాతవాటికి పదవీ విరమణ ఇచ్చి, ఆపరేషన్ చేసి స్టీలు మోకాళ్లను నియమిస్తారు. స్టీలువి చెడ్డవేం కాదు. పై అంతస్తు త్రిపురసుందరి గారివి బొత్తిగా అరిగిపోతే అవే వేశారు. ఆవిడ ఇప్పుడు బీచి దాకా నడిచివస్తోంది. కానీ సువర్చలకు తన మోకాళ్లే కావాలి. వాటితోనే ఆమె తొక్కుడుబిళ్ల ఆడింది. ఎడమదాని మీది మచ్చ సైకిలు నేర్చుకున్న రోజు పడింది.

"స్టీలు మీద ఆ మచ్చ రాదు కదండీ," అంది.

"స్టిక్కరు వేయిద్దాంలే," అన్నాడు సదాశివరావు.

మర్నాడు మోకాళ్ల సంక్షేమాధికారి జోసెఫ్ గారు విచారణకు వచ్చారు. ఆయన సోఫా ఎత్తు టేపుతో కొలిచారు. మరుగుదొడ్డి చూశారు. ఆమెను శాఖవారి కాటా ఎక్కించి బరువు రాసుకున్నారు. తర్వాత సదాశివరావు మోకాళ్లు కూడా పరీక్షించారు. వాటి మీద షోరూం నుంచి వచ్చినప్పటి ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు.

"ఎంత పొందిగ్గా వాడుకున్నారండీ!" అన్నారు మెచ్చుకోలుగా. సదాశివరావు సిగ్గుపడ్డాడు.

ఆపైన బాల్కనీలోంచి మోకాళ్లను పిలిపించి సాక్ష్యం తీసుకున్నారు. కుడిది మాటకారి. ఎడమది మెతక. అది కుడిదాని వెనక నక్కి కూర్చుంది.

"అరుగుదలకు కారణాలేమిటి?"

"వయసు కొంత సార్," అంది కుడి మోకాలు. "వంశం కొంత. వాళ్లమ్మగారి మోకాళ్లదీ ఇదే కథ. బరువు కూడా ఉందనుకోండి. మీ కాటా చూపించిన దాంట్లో ఆవిడది కొంతే, మిగతాది ఈ సోఫాలో కూర్చున్నవాళ్లది. కత్తిపీట ముందు గొంతుక్కూచోవడాలు, వంగి తుడవడాలు ఎలాగో సర్దుకున్నాం. భోజనాల దగ్గర మాత్రం మా వల్ల కాదు."

"భోజనాల దగ్గర ఏం జరుగుతుంది?"

"మంచి ఇల్లు సార్ ఇది. ఆవిణ్ణి విడిగా తిననివ్వరు. 'నువ్వూ మాతో కూచో' అని బలవంతం చేస్తారు. ఆవిడ కూచున్నాకే వీళ్లకు ఒక్కొక్కటీ గుర్తొస్తుంది. పెద్దావిడకు ఊరమిరపకాయ కావాలి. ఆవిడ లేస్తుంది. లేవగానే అయ్యగారు, 'ఎలాగూ లేచావుగా, ఆ నెయ్యిగిన్నె' అంటారు. తెచ్చి కూచుంటుంది. అప్పుడు అబ్బాయికి మజ్జిగ చల్లగా లేదని తెలుస్తుంది. పూర్వం నిలబడి వడ్డించి, అందరూ తిన్నాక తినేది. మాకు అప్పుడే హాయిగా ఉండేది."

ఇంటివాళ్లు నొచ్చుకున్నారు. "ప్రేమగా పక్కన కూచోబెట్టుకుంటే అదీ తప్పేనా అమ్మాయ్?" అంది సువర్చల అత్తగారు పేరిందేవి. కొడుకు వంశీ ఫోన్లోంచి తలెత్తి, "అమ్మ ఎప్పుడూ నొప్పి అనలేదే," అన్నాడు.

"అంది బాబూ," అంది కుడి మోకాలు. "నువ్వు చల్ల మజ్జిగ అడుగుతున్నప్పుడు."

అధికారి కళ్లజోడు సర్దుకుని ఆపరేషన్‌కు ముందు ప్రయత్నించాల్సినవి చెప్పారు. తొడ కండరాలకు వ్యాయామం, చదును నేల మీద నడక, కాస్త బరువు తగ్గడం, కత్తిపీట మానేసి నిలబడి బల్ల మీద తరుక్కోవడం, వేడి కాపడం, నొప్పి ఎక్కువైన రోజు విశ్రాంతి. ఇవి సరిగ్గా చేస్తే చాలామంది చాలాకాలం సొంత మోకాళ్లతోనే నెట్టుకొస్తారని కూడా అన్నారు.

ఇంటిల్లిపాదీ ఆ సాయంత్రమే రంగంలోకి దిగారు. సువర్చలకు తీరిక లేదు కనుక వ్యాయామం ఆమె తరఫున సదాశివరావు చేశాడు. కుటుంబసభ్యులెవరైనా చేయవచ్చని నిబంధన ఉంది. కుర్చీలో కూర్చుని కాలు చాచి పట్టడంతో వారం తిరక్కుండా ఆయన తొడలు పైజమా కుట్లు పిగిలేంతగా బలిశాయి. నడక వంశీ తీసుకున్నాడు. నడిచొచ్చి ఆకలేస్తోందని అదనంగా పెసరట్లు వేయించుకున్నాడు. కాపడం పేరిందేవి పెట్టించుకుంది, వేడినీళ్ల సంచీ సువర్చల నింపింది. బల్ల మీద ఇస్త్రీ బట్టలు ఉండడంతో కూరలు కత్తిపీట దగ్గరే ఉండిపోయాయి. విశ్రాంతి అందరూ సమానంగా పంచుకున్నారు. బరువు తగ్గడానికి ఎవరూ ముందుకు రాకపోవడంతో అది సువర్చలకే వదిలారు.

గడువు చివరిరోజు మోకాళ్లు తమ షరతు చెప్పాయి. ఒకే ఒక్క భోజనం, సువర్చల కూర్చున్నాక మళ్లీ లేవకుండా పూర్తికావాలి. అలా అయితే అక్కడికక్కడే వచ్చి చేరిపోతాయి. కాకపోతే స్టీలు.

జోసెఫ్ గారు సాక్షిగా తినడానికి కూర్చున్నారు. మోకాళ్లకు తలగడలు వేసి చెరో కుర్చీ ఇచ్చి, మర్యాదకు విస్తళ్లు కూడా వేశారు. మడతపడని కాళ్లకు వీలుగా సువర్చల కోసం జ్యూసు కొట్టునుంచి ఎత్తు స్టూలు తెచ్చారు. ఆమె సమస్తం ముందే బల్ల మీదికి చేర్చింది. నెయ్యి, ఊరమిరపకాయలు, చల్లటి మజ్జిగ, మంచినీళ్లు. ఏదీ అడగబోమని ఇంట్లోవాళ్లందరూ ఒట్టేశారు.

మొదటి ముద్దకే ముద్దపప్పులో ఉప్పు వేయలేదని అందరికీ తెలిసింది. ఉప్పు వంటింట్లో ఉంది.

సదాశివరావు కళ్లు మూసుకుని మింగాడు. వంశీ చారు మీదికి దాటేశాడు. పేరిందేవి నోట్లో ముద్దను అటూ ఇటూ తిప్పి, "అమృతంలా ఉందే అమ్మాయ్," అంది, కళ్లు తుడుచుకుంటూ. కుడి మోకాలు కుర్చీ అంచుకు జరిగింది. అంతవరకూ నోరు విప్పని ఎడమ మోకాలు, "ఇంకో నాలుగు ముద్దలే అమ్మా," అంది.

సువర్చల ఆ మచ్చ వైపు చూసింది. రెండు చేతులతో స్టూలును గట్టిగా పట్టుకుంది. తర్వాత భర్త విస్తరి వైపు చూసింది. పప్పు అన్నం అలాగే ఉంది.

స్టూలు మీంచి నిటారుగా జారి వంటింట్లోకి వెళ్లింది.

"భేష్!" అంటూ జోసెఫ్ గారు ఎడమచేత్తో బల్ల చరిచారు. "మోకాళ్లు లేకుండానే లేచారు! కేసు తేలిపోయిందండీ." లేవడానికి కారణం మోకాళ్లు కాదని రుజువైంది కనుక అవి నిర్దోషులు. స్టీలువి వేసినా ఈవిడ లేస్తుంది కనుక మార్పిడి వృథా. పాత మోకాళ్లను ఇకమీదట విధుల్లేని కుటుంబసభ్యులుగా పరిగణించి ఇంట్లోనే ఉంచుకోవచ్చు. అందరూ చప్పట్లు కొట్టారు. మోకాళ్లు ఒకదాన్నొకటి ఢీకొట్టుకుని మరీ కొట్టాయి.

"అయితే స్టీలువి పెట్టరు కదండీ?" వంటింట్లోంచి అడిగింది సువర్చల.

"పెట్టరమ్మా! నీవి నీకే!" అంది పేరిందేవి.

ఆమె గుండె కుదుటపడింది. ఉప్పు తెచ్చి అందరికీ వేసింది. మోకాళ్ల విస్తళ్లలోనూ కాస్త పప్పన్నం పెట్టింది. కుడి మోకాలు రుచి చూసి, "కాస్త అప్పడం ఉంటేనా," అంది.

అప్పడాలు వేయించలేదు. సువర్చల ఇంకా స్టూలు ఎక్కలేదు.

"ఎలాగూ లేచావుగా అమ్మా," అంది ఎడమ మోకాలు మొహమాటపడుతూ. "నాకూ ఒకటి."

సువర్చల వంటింటి వైపు తిరిగింది. ఈసారి నడక ఎంతో తేలిగ్గా సాగింది. నొప్పి పెట్టడానికి కాళ్లలో ఇంకేమీ లేదు.