కర్ర ఉంది, మనిషి లేడు

ఆ ఉదయం కొత్త నర్సు పెట్టుకున్న పని ఒక్కటే: యూనిఫాంలో ఒక ఫొటో దిగి అమ్మమ్మకు పంపడం. రోగుల ఫొటోలు బయటికి పోకూడదని హెడ్ నర్సు ముందురోజే గట్టిగా చెప్పింది. అందుకే ఒళ్లు దగ్గర పెట్టుకుని, నాలుగో మంచం తాతగారి ముఖాన్నీ, పేరున్న చీటీనీ కత్తిరించేసింది. మంచానికి ఆనించిన చేతికర్ర మాత్రం మిగిలింది. దాని పిడికి ఆకుపచ్చ ఊలు తొడుగు. కర్రకు ముఖమేముంది అనుకుంది.

తాతగారు దర్జీ. మర్నాడు ఆయనకు హెర్నియా ఆపరేషన్. "ఇంట్లో చెప్తే మా ఆవిడ గుమ్మంలో నిలబడి ఏడుస్తుంది. అది చూసి నేను కదల్లేనమ్మా. స్నేహితుడింటికని వచ్చేశా, నువ్వూ చెప్పకు," అని ఆ పిల్ల దగ్గర మాట తీసుకున్నాడు.

అమ్మమ్మ మురిసిపోయి ఫొటోను తన అల్లికల గ్రూపులో పెట్టింది. తాతగారి భార్య అందులోనే ఉంది. తన చేతి అల్లిక తనకు తెలియదా! మంచం ఉంది, నర్సు ఉంది, కర్ర ఉంది, మనిషి లేడు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. స్నేహితుడు నీళ్లు నమిలాడు.

పదకొండింటికి ఆవిడా, వెనక ఏడుగురు అల్లికలవాళ్లూ గొల్లుమంటూ వార్డులోకొచ్చి పడ్డారు. ఆ గోలకు తాతగారు బాత్రూంలోంచి గోడ పట్టుకుని వచ్చాడు.

"ఎవరే పోయింది?"

"మీరే!" అని ఆవిడ అక్కడే కూలబడింది. తేరుకున్నాక, "వెళ్లేవాళ్లు చెప్పి వెళ్లాలండీ. ఏడిస్తే ఏడుస్తాను," అంది.

ఫొటో తీసేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ కొత్త నర్సు ఉద్యోగం పోయినా సరేననుకుని హెడ్ నర్సు ముందు నిలబడింది.

"నావల్లే మేడమ్. ముఖం లేదు కదా అనుకున్నా."

"దాచాల్సింది ముఖం ఒక్కటే కాదే పిల్లా, ఆయన ఇక్కడున్న సంగతి. కాగితం మీద రాసివ్వు, పైవాళ్లు ఏమంటారో చూద్దాం. ముందెళ్లి ఆయన్ని క్షమించమని అడుగు."

అమ్మమ్మ చేత కూడా గ్రూపులోంచి ఫొటో తీసేయించి, తాతగారి దగ్గరికెళ్లి తలొంచుకుంది. ఆయన భార్య ఫోన్ చాపింది. "గ్రూపులో అందరూ ఆయన ఆత్మకు శాంతి కోరేశారమ్మా. బతికే ఉన్నారని ఒక ఫొటో తియ్యి."

కొత్త నర్సు చేతులు వెనక్కి కట్టుకుంది. "తాతగారు ఒప్పుకుంటేనే, అదీ మీరే తీసుకోవాలి."

తాతగారు కళ్లజోడు సర్దుకుని, ఆ ఫోన్ అందుకుని తన మీద వచ్చిన సంతాపాలు చదువుతున్నాడు.

"సాయంత్రందాకా ఆగండి. ఇంకా మంచివి వస్తున్నాయి."