నలభై ఏడో నంబరు వంటగది

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి గోడ కొట్టడం మొదలు. పన్నెండింటికల్లా గోడ ఉండదు. సాయంత్రానికి దుమ్ము కూడా ఉండదు. ఈ మూడు ముక్కలూ ఇల్లాలు ముందురోజే మేస్త్రి చేత మూడుసార్లు చెప్పించుకుంది. పదకొండేళ్ళుగా ఆవిడ ఆ గోడ కోసం, అంటే ఆ గోడ పోవడం కోసం, ఎదురు చూస్తోంది మరి.

వంటగదికీ, పక్కనున్న సామాన్ల గదికీ మధ్య గోడ అది. దాని పుణ్యమా అని వంటగది రైలుపెట్టెలో నడవంత అయింది. పొయ్యి ముందు నిలబడితే వీపు ఆ గోడకి ఆనుతుంది. గిన్నె దించి వెనక్కి తిరగాలంటే గుమ్మం దాకా అడ్డంగా నడిచి, అక్కడ తిరిగి, మళ్ళీ లోపలికి రావాలి. ఆవిడ కుడి మోచేతి మీద కాలిన మచ్చలు నాలుగున్నాయి. మేస్త్రి కూడా ఖాళీగా దొరికే మనిషి కాదు. "శనివారం దాకేనమ్మా నేనిక్కడ. ఆదివారం వంతెన పనికి వెళ్ళిపోతా. మళ్ళీ ఎనిమిది నెలలు కనబడను" అని ముందే చెప్పేశాడు.

ఆవిడ భర్త పురపాలక కార్యాలయంలో పాత కట్టడాల విభాగంలో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో ఆయన్ని అందరూ క్లాజుగారు అంటారు. ఎవరైనా టీకి పిలిస్తే "వస్తాను, అయితే..." అని మొదలుపెట్టే రకం. నగరంలోని చారిత్రక కట్టడాలను కాపాడే నిబంధనలు నలభై ఏళ్ళ నాటివి, వాటి నిండా కంతలే. ఆ మధ్య ఒక వ్యాపారి రెండువందల ఏళ్ళ రాతి గుమ్మాన్ని పడగొట్టేసి, "అది అనుబంధంలో ఉందండీ, నిబంధనల్లో లేదుగా" అని దర్జాగా చక్కాపోయాడు. క్లాజుగారికి ఒళ్ళు మండిపోయింది. ఏడాదిన్నర కూర్చుని, చీమ కూడా దూరలేనంత గట్టిగా కొత్త నిబంధనలు రాశారు. బుధవారం కౌన్సిల్ వాటిని ఏకగ్రీవంగా ఆమోదించింది, అదే రోజు గెజిట్‌లో అచ్చయ్యాయి. ఆ సంతోషంలోనే ఆయన గురువారం సెలవు పెట్టి, గోడ పడుతుంటే చూద్దామని కుర్చీ వేసుకుని గుమ్మంలో కూర్చున్నారు.

మేస్త్రి సుద్దతో గీత గీశాడు, సుత్తి ఎత్తాడు. సరిగ్గా అప్పుడే వీధి తలుపు దగ్గర ఎవరో పిలిచారు.

వచ్చినవాడు బోర్డులు బిగించే మనిషి. చంకలో ఒక నీలం రేకు బోర్డు, చేతిలో డ్రిల్లు. "వంటగది ఎక్కడండీ?" అని అడిగి, సమాధానం కోసం చూడకుండా లోపలికి వచ్చి, బోర్డు గుమ్మం పక్కన బిగించేసి, సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. అతను పోయాక గానీ ఎవరూ దాన్ని చదవలేదు. "రక్షిత చారిత్రక కట్టడం నం. 47. వంటగది. మార్పులు చేయువారు, కూల్చువారు శిక్షార్హులు."

మేస్త్రి సుత్తిని మెల్లగా, నిద్రపోతున్న పిల్లని దించినట్టు కింద పెట్టాడు.

"అమ్మా, నేను గోడలు కొడతా గానీ, గవర్నమెంటుని కొట్టను" అన్నాడు.

ఇల్లాలు భర్త వైపు తిరిగింది. తిరగడానికి గుమ్మం దాకా నడవాల్సి వచ్చింది కాబట్టి, వచ్చేసరికి కోపం ఇంకాస్త పెరిగింది.

"ఏవండీ, ఏంటిది?"

"ఏదో పొరపాటు. జాబితాలో నలభై ఆరే కదా ఉన్నవి..." అంటూ ఆయన గెజిట్ తీసి చివరి పేజీలు తిప్పారు. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయారు. ముఖం సున్నం కొట్టినట్టయింది.

జరిగింది ఇది. కట్టడాన్ని జాబితాలో చేర్చమని పెట్టుకునే కొత్త దరఖాస్తులో ఇరవై మూడు గళ్ళున్నాయి. "జనానికి అర్థమయ్యేలా ఒక ఫారం నింపి నమూనాగా జత చెయ్యండి" అన్నారు సూపరింటెండెంట్ మేడం. అసలు కట్టడాల్లో దేన్ని రాసినా పేచీయే. గడియార స్తంభం పేరు రాస్తే గ్రంథాలయం వాళ్ళు అలుగుతారు. అందుకని క్లాజుగారు ఓ రోజు భోజనం చేస్తూ, ఎదురుగా కనిపించిన వంటగదిని రాసేశారు. చారిత్రక ప్రాముఖ్యం అన్న గడిలో, "నగర గృహిణుల సహనానికి నిలువెత్తు సాక్ష్యం" అని కూడా రాశారు. ఆ నమూనా అయిదో అనుబంధంగా చేరింది. ఇక పద్నాలుగో క్లాజేమో, "అనుబంధాలలోని ప్రతి వివరమూ నిబంధనలతో సమానంగా అమలగును" అంటోంది. రాతి గుమ్మం పడగొట్టిన వ్యాపారి మీద కసితో ఆయన స్వయంగా రాసిన క్లాజే అది.

"అంటే నా వంటగదిని మీరే జైల్లో పెట్టారా?" అంది ఇల్లాలు.

"జైలు కాదే, రక్షణ..."

"ఎవర్నించి రక్షణ? నా నుంచా?"

ఆయన చెప్పులేసుకుని ఆఫీసుకి పరుగెత్తారు.

సూపరింటెండెంట్ మేడం అంతా విని, కళ్ళజోడు తుడుచుకుని, పెదాలు బిగబట్టి నవ్వాపుకున్నారు. "జాబితాలోంచి తీసెయ్యమని అర్జీ రాసుకొచ్చాను మేడం" అని ఆయన కాగితం ముందుకు తోశారు.

"మీ ఇల్లేగా?"

"అవును మేడం."

"పంతొమ్మిదో క్లాజు. యజమాని అర్జీ చెల్లదు."

"పోనీ, ఆఫీసు తరఫున ఫైలు నేనే పెడతాను."

"ఇరవయ్యో క్లాజు. సొంత ఆస్తి ఫైలుని ఈ విభాగం ఉద్యోగి ముట్టుకోకూడదు. ఎవరు రాశారండీ ఇవి?"

"నేనే" అన్నారాయన, తన కాగితం తనే వెనక్కి లాక్కుంటూ.

"చాలా బాగా రాశారు" అన్నారు మేడం మనస్ఫూర్తిగా. "ఎక్కడా సందు లేదు. ఒకటే దారి. కట్టడాల సంఘం వచ్చి చూసి, దీనికి విలువ లేదని రాయాలి. ప్రొఫెసరుగారికి ఫోన్ చేస్తాను."

సంఘానికి అధ్యక్షురాలు ఒక రిటైరైన చరిత్ర ప్రొఫెసరు. పాత ఇటుక కనిపిస్తే పలకరించకుండా పోలేని మనిషి. శుక్రవారం పొద్దున్న పదింటికి ఆవిడ ఒక్కరే వస్తారనుకుంటే, వెనక పద్నాలుగు మంది విద్యార్థులు బొమ్మల పుస్తకాలతో దిగారు. ఇరవై ఏడో క్లాజు ప్రకారం పది నుంచి ఐదు దాకా సందర్శకులను ఎవరూ ఆపకూడదు. అది ఎవరు రాశారని ఈసారి ఎవరూ అడగలేదు.

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పద్నాలుగు మందీ వరసగా లోపలికి దూరి, డబ్బాలో అగ్గిపుల్లల్లా ఇరుక్కున్నారు. ఒకమ్మాయి మర్యాదగా, "ఆంటీ, కొంచెం పక్కకి జరుగుతారా? గోడ కనిపించట్లేదు" అంది.

"జరగడానికి చోటుంటే ఈ గొడవంతా ఎందుకమ్మా?" అంది ఇల్లాలు గరిటె నెత్తి మీదికెత్తి పట్టుకుని. కిందికి దించడానికి వీల్లేదు.

క్లాజుగారు గుంపు మధ్యలో చిక్కుకుని గొంతు పెంచారు. "ప్రొఫెసరుగారూ, ఇందులో చరిత్రా లేదు, గిరిత్రా లేదండీ! మామూలు ఇటుక, మామూలు సున్నం. కావాలంటే చూడండి!" అంటూ చెంచా తీసి గోడని బరబరా గీకారు. గీకాల్సింది వెనక ఉన్న సామాన్ల గది గోడని. కానీ వెనక్కి తిరిగే చోటేది? చేతికందిన పొయ్యి వైపు గోడని గీకారు.

తెల్ల సున్నం ఊడింది. లోపల ఆకుపచ్చ కనిపించింది. ప్రొఫెసరుగారు "ఆగండి!" అని అరిచి, చెంచా లాక్కుని, తనే సుతారంగా గీకారు. ఆకుపచ్చ కింద పసుపు. పసుపు కింద నీలం. నీలం కింద, ఎవరో ఎప్పుడో వేసిన ఎర్రటి లతలు.

"ఐదు పొరలు!" అన్నారావిడ. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఐదు కాపురాలు ఈ గోడ మీద ఉన్నాయండీ! మీరు ఇంత వినయంగా విలువ లేదంటుంటే నేను నమ్మాను కూడా. దీన్ని ఇప్పుడే మొదటి తరగతిలోకి మారుస్తున్నాను."

అన్నం మాడిన వాసన వచ్చింది. దాన్ని దించడానికి పద్నాలుగు మంది బయటికి వెళ్ళాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి మొదటి తరగతికి తగ్గ హంగులన్నీ వచ్చేశాయి. ఇంకా పెద్ద బోర్డు, గుమ్మానికి తాడు, స్టూలు మీద సందర్శకుల పుస్తకం, దానికి గొలుసుతో కట్టిన పెన్ను. మేస్త్రి వీధి అరుగు మీద కూర్చుని, "రేపొక్కరోజేనమ్మా" అని గుర్తు చేశాడు. ఇల్లాలికి ఏడుపు తన్నుకొచ్చింది. పదకొండేళ్ళు ఆగి, సుత్తి గాల్లోకి లేచాక ఆగిపోవడం ఎవరికైనా కడుపుమంటే. ఆవిడ మాడిన గిన్నె తోమి, చెయ్యి తుడుచుకుని, భర్త చేతిలోంచి గెజిట్ లాక్కుని కూర్చుంది. పదకొండేళ్ళలో ఆయన రాసింది చదవడం అదే మొదటిసారి.

గంటన్నర తర్వాత తలెత్తింది.

"ఏవండీ, ఈ ఇల్లెవరి పేరు మీదుంది?"

"నా పేరు మీదే. ఎందుకు?"

"అయితే నేను యజమానిని కానుగా?"

"కాగితాల ప్రకారమైతే కాదు. కానీ నువ్వు ఇంటిదానివి..."

"ఇంటిది అనే మాట ఇందులో ఎక్కడా లేదు. చూశాను. సందర్శకుడంటే కట్టడంలోకి వచ్చి చూసి పోయే వ్యక్తి అని ఉంది. నేను రోజుకి ముప్ఫై సార్లు వచ్చి పోతున్నాను."

జీవితంలో మొట్టమొదటిసారి ఆయన రాసిన దాంట్లో ఒకరికి సందు దొరికింది.

ఇల్లాలు తాడు దాటి లోపలికెళ్ళి, గోడని చూసి, బయటికొచ్చి, పుస్తకంలో గుండ్రటి అక్షరాలతో రాసింది: "ఐదు రంగుల గోడ అద్భుతం. కానీ ఎదురు గోడ అడ్డం వచ్చి జానెడు దూరం నుంచి చూడాల్సి వచ్చింది. నగరంలో ఇంత గొప్ప కట్టడం ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా కనిపించలేదు. విచారకరం."

ముప్ఫై ఒకటో క్లాజు ప్రకారం, మొదటి తరగతి కట్టడంలో సందర్శకుల ఇబ్బందిని ఇరవై నాలుగు గంటల్లో పురపాలక సంఘమే తొలగించాలి. ఇల్లాలు స్వయంగా పుస్తకం ఆఫీసుకి పట్టుకెళ్ళింది. సూపరింటెండెంట్ మేడం ఫోన్ మీద ఆ ఫిర్యాదు చదివి వినిపించగానే, ప్రొఫెసరుగారు అటునుంచి ఒంటికాలి మీద లేచారు. "నేను పొద్దున్నే అనుకున్నాను! ఆ ఎదురుగోడకేం విలువుందండీ? పాతికేళ్ళ కింద ఎవరో అడ్డం కట్టినట్టుంది. తక్షణం తీయించండి!"

శనివారం పొద్దున్న తొమ్మిదింటికి అదే మేస్త్రి, అదే సుత్తితో, ఈసారి పురపాలక సంఘం ఉత్తర్వు జేబులో పెట్టుకుని వచ్చాడు. "ఇప్పుడు గవర్నమెంటే కొడుతోంది, నాకేం భయం?" అంటూ మొదటి దెబ్బ వేశాడు. పన్నెండింటికల్లా గోడ లేదు. సాయంత్రానికి దుమ్ము కూడా లేదు.

ఇల్లాలు వంటగది నడిమధ్య నిలబడి, రెండు చేతులూ బార్లా చాపి, అక్కడికక్కడే ఒక్క చుట్టు తిరిగింది. మోచెయ్యి దేనికీ తగల్లేదు. ఇంకో చుట్టు తిరిగింది. ఎర్రటి లతలు ఆ మూల నుంచి ఈ మూల దాకా కనిపిస్తుంటే, వాటిని వేసిన ఆ పాత ఇల్లాలెవరో గానీ ఆవిడకీ ఇంత చోటుండేదన్నమాట అనుకుంది. ఆవిడకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. క్లాజుగారు గుమ్మంలోంచి చూస్తున్నారు.

"బాగుందే" అన్నారు.

"బాగా రాశారండీ" అంది ఆవిడ.

ఆదివారం పొద్దున్న మేడం ఫోన్ చేసి, రక్షిత కట్టడం నుంచి తీసిన ప్రతి ఇటుకనూ యజమాని తన నివాసంలోనే శాశ్వతంగా భద్రపరచాలని ముప్ఫై మూడో క్లాజు చెబుతోందని గుర్తు చేశారు. ప్రస్తుతం క్లాజుగారి పడకగదిలో, గోడవారగా వెళ్తే, మంచం దాకా చేరుకోవచ్చు.