ఇబ్రహీంపట్నంలో డిస్లెక్సియా వ్యాప్తి, నివారణ

ఆ ఏడాది జూన్ వరకు ఇబ్రహీంపట్నంలో అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలు ఒక్కరంటే ఒక్కరు లేరు. ఈ సంగతిని తల్లిదండ్రులే ముక్తకంఠంతో ధ్రువీకరించారు. గజం ధరా, పిల్లల తెలివీ ఏటా పెరగడమే తప్ప తగ్గడమన్నది ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు.

అలాంటి చోటికి లీదియా స్పెషల్ టీచరుగా వచ్చింది. అక్షరాలు కుదురుగా కనబడని పిల్లలకు, అంకెలు తారుమారయ్యే పిల్లలకు వేరే పద్ధతిలో నేర్పడం ఆమె చదువుకున్న విద్య. మీర్‌పేట్ నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. కరస్పాండెంట్ భుజంగరావుగారు తన ఇంటర్నేషనల్ స్కూలులో ఆమెను నియమించడానికి బలమైన కారణం ఉంది. పెద్ద అంబర్‌పేట్ స్కూళ్ల కరపత్రాల్లో ఈతకొలను, స్పెషల్ టీచర్ అని రెండు ఉన్నాయి. రెండింటిలో టీచరును పెట్టుకోవడానికి తవ్వకం అక్కర్లేదు.

ఆమెకు మెట్ల కింద గది కేటాయించి, స్కూలు పరువు పోకుండా తలుపు మీద ‘ప్రతిభా మందిరం’ అని రాయించారు. ఆ మందిరానికి మొదటి రెండు నెలల్లో వచ్చింది ఒకే ఒక్క అమ్మాయి, పదో తరగతి కరుణ.

కరుణ ఒకసారి విన్న పాఠాన్ని పొల్లు పోకుండా ఒప్పజెప్పేది. అదే పాఠం పుస్తకంలో చూపిస్తే ‘కలప’ను ‘పలక’ అని, ‘నడక’ను ‘కడన’ అని చదివి, క్లాసంతా నవ్వుతుంటే తలవంచుకుని నిలబడేది. తొమ్మిదేళ్లలో తొమ్మిది మంది క్లాసు టీచర్లు ఆమె బద్ధకస్తురాలని నిర్ధారించారు. విద్యారంగంలో ఇంతటి ఏకాభిప్రాయం అరుదు.

లీదియా ఆమె తండ్రిని పిలిపించింది. మల్లేశయ్య మహేశ్వరం వైపు వెంచర్లలో ప్లాట్లు అమ్మించే మనిషి.

“మల్లేశన్నా, పాపకు తెలివి మస్తుగుంది. సదువుడు ఒక్కటే కష్టమైతుంది, దీన్ని డిస్లెక్సియా అంటరు. మెడికల్ బోర్డుకు తీస్కపోతే సర్టిఫికెట్ ఇస్తరు. దాంతోని పరీక్షల గంట ఎక్కువిస్తరు, పాప చెప్తుంటే రాసెటోళ్లను గూడ ఇస్తరు.”

“మా ఖాందాన్ల గసుంటిది ఎవ్వలికి లేదు మేడం,” అన్నాడు మల్లేశయ్య. “వెంచర్ల కాడ నాకో ఇజ్జత్ ఉన్నది. నా బిడ్డకు ముద్ర గొట్టిస్తవా?”

లీదియా దరఖాస్తు చేతికిచ్చి, చదివి చూడమంది. ‘కళ్లద్దాలు మర్చిపోయిన’ అంటూ ఆయన వెనక్కిచ్చేశాడు. ఆయనకు కళ్లద్దాలు లేవని కరుణ తర్వాత చెప్పింది.

వ్యవహారం అక్కడితో ముగిసేదే. కానీ ‘గంట ఎక్కువ’ అన్న మాట మెట్ల కింది నుంచి బయటికి పొక్కింది. మర్నాడే లలితకుమారిగారు వచ్చారు. ఆవిడ కొడుకు రమాకాంత్ ఆరో తరగతి నుంచీ స్కూలు ఫస్టు.

“మావాడికి పుట్టినప్పటినుంచీ ఉందండీ డిస్లెక్సియా. మేమే బయటికి చెప్పుకోలేదు,” అన్నారావిడ కళ్లు ఒత్తుకుంటూ.

దసరా సెలవులయ్యేసరికి డిస్లెక్సియా బాధితుల సంఖ్య నలభై ఒకటికి చేరింది. వ్యాధి ర్యాంకుల వరుసలోనే సోకడం వైద్యశాస్త్రం గమనించదగ్గ విశేషం. లీదియా నలభై ఒక్కమందినీ కూర్చోబెట్టి పరీక్షించి, ఎవరికీ ఏ ఇబ్బందీ లేదని రిపోర్టు రాసింది.

“మీలో పాజిటివ్ థింకింగ్ లోపించిందండీ,” అని భుజంగరావుగారు బాధపడ్డారు. ఉదయం ప్రార్థన తర్వాత పిల్లలనుద్దేశించి ప్రసంగించారు. “విద్యార్థినీ విద్యార్థులారా! కృషి చేస్తే సాధించలేనిది లేదు. మీరు తప్పక తప్పులు చదవగలరు. మన స్కూలు మీ వెంట ఉంది!”

పిల్లలు చప్పట్లు కొట్టారు. మర్నాటి నుంచి తెల్లవారి ఆరింటికల్లా తప్పులు చదవడంలో ప్రత్యేక కోచింగ్ మొదలైంది. తిరగేసిన పదాల జాబితా ఒకటి తయారుచేసి బట్టీ పట్టించారు. వారం వారం పరీక్ష పెట్టారు. రమాకాంత్ యాభైకి నలభై తొమ్మిది తప్పులు చేసి ఫస్టు వచ్చాడు. ఆ ఒక్కటి ఎందుకు ఒప్పయిందని ఇంట్లో వాడిని మందలించారు.

ఆ వారమే మల్లేశయ్య మళ్లీ వచ్చాడు. గొంతులో కోపం ఉంది.

“డాక్టర్ల పిల్లలకున్నదంట, ఇంజనీర్ల పిల్లలకున్నదంట. నా బిడ్డకెందుకు లేదు మేడం? మేమేం తక్కువోళ్లమా?”

“నీ బిడ్డకే ఉన్నదన్నా,” అంది లీదియా. ఆయన ఎక్కడ సంతకం పెట్టాలో వేలితో చూపించింది.

మెడికల్ బోర్డు రోజున స్కూలు బస్సు నలభై రెండు మందిని నగరానికి తీసుకెళ్లింది. బోర్డులో కూర్చున్న డాక్టరమ్మ ఒక్కొక్కరినీ పిలిచి ఒక పేరా చదివించింది. నలభై ఒక్కమందీ ‘చిలక’ను ‘చికల’ అన్నారు. రమాకాంత్ రెండుసార్లు అన్నాడు. ఆ పేరాలో చిలక లేనేలేదు.

చివరికి కరుణ వంతు వచ్చింది. వరుస కింద వేలు పెట్టుకుని మొదలుపెట్టింది. మూడో పదం దగ్గర ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. నుదుటి మీద చెమట పట్టింది. సగం పేరాకే చాలమ్మా అంది డాక్టరమ్మ.

“మేడం, ఇంకొక్కసారి సదవనా?” అంది కరుణ. “ఈసారి సరిగ్గ సదువుత.”

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. “పొద్దుటి నుంచి ఈ కుర్చీలో కూర్చున్నవాళ్లలో, సరిగ్గా చదవాలని చూసింది నువ్వొక్కదానివే తల్లీ.”

గోడవారగా నిలబడ్డ లీదియా కిటికీ వైపు తిరిగి చున్నీతో ముఖం తుడుచుకుంది.

సర్టిఫికెట్ కరుణ ఒక్కదానికే వచ్చింది. మిగతా నలభై ఒక్కమందికీ ఏ వైకల్యమూ లేదని బోర్డు రాసిచ్చింది. వేరే కరస్పాండెంటయితే కుంగిపోయేవాడు. భుజంగరావుగారు వారంలో బస్టాండు ఎదురుగా ఫ్లెక్సీ కట్టించారు. ‘కేవలం మూడు నెలల శిక్షణతో నలభై ఒక్కమందికి డిస్లెక్సియా నుంచి సంపూర్ణ విముక్తి! ప్రభుత్వ వైద్యుల ధ్రువీకరణ!’ నలభై ఒక్క ఫోటోల నడుమ లీదియా ఫోటో కూడా వేశారు. కరుణది వేయలేదు. నయం కాలేదు కదా.

మార్చిలో పదో తరగతి పరీక్షల్లో కరుణ నోటితో చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి రాసిపెట్టింది. ఫలితాల్లో కరుణకు ఫస్టు క్లాసు వచ్చింది. మల్లేశయ్య స్కూల్లో స్వీట్లు పంచి, అందరూ వెళ్లేదాకా మెట్ల దగ్గర తచ్చాడాడు. తర్వాత లోపలికి వచ్చి, చిన్నపిల్లల కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నాడు.

“మేడం, గీ అక్షరాలు నాక్కూడ ఎన్నడు నిలబడలే. ఇప్పుడు నేర్సుకుంటే వస్తయా?”

“వస్తయన్నా,” అంటూ లీదియా తలుపు దగ్గరికి వేసింది. ఆయనకు ఇజ్జత్ ఉంది మరి.

కొత్త విద్యాసంవత్సరంలో స్కూలులో సీట్లు చాలలేదు. లీదియాకు ఫోన్లు కూడా ఎక్కువయ్యాయి. ఈ కథ చదివి ఆమె నంబరు అడగాలనుకుంటున్న మీకూ ఇస్తాను, అభ్యంతరం లేదు. ఫోన్ ఎత్తగానే, పిల్లకు ఏది కష్టంగా ఉందని ఆమె అడుగుతుంది. ఇంతవరకు చేసినవాళ్లంతా ‘అది కాదండీ, గంట ఎక్కువ ఇస్తారట కదా’ అన్నారు. మీరేమంటారో ముందే ఆలోచించుకుని చెయ్యండి.