మెరవణిలో టెక్నో ఉండాల్సిందే

పెండ్లి మెరవణిలో, అంటే ఊరేగింపులో, టెక్నో వాయించడాన్ని ప్రభుత్వం తప్పనిసరి చేయాలి. నవ్వకండి. నేను మదనపల్లెలో టమోటా మండీ నడుపుకునే గంగాధరాన్ని. పొద్దున లేస్తే వేలంపాట అరుపుల్లో బతికేవాణ్ణి. శబ్దం గురించి నాకు తెలిసినంత మీకు తెలియదు!

మొన్న పుంగనూరులో ఒక పెండ్లికి వెళ్ళాను. మెరవణికి డీజే ధనుష్. నాకు వరసకు బావ అయ్యే కుప్పం లోకనాథ్ కొడుకు. బెంగళూరులో నేర్చుకొచ్చిన విద్య. మామూలు పాట హాయిగా పోతూ ఉంటుంది, పెండ్లికొడుకు మేనత్తలు చేతులు తిప్పుతూ ఉంటారు. ధనుష్ ఒక చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, ఆ పాట కింద నుంచి ఇంకో దరువు మెల్లగా దూరుస్తాడు. రెండూ కలిసేదాకా మిషను మీది గుండీలు తిప్పుతాడు. ఆ తర్వాత నేల అదిరించే బేస్ మొత్తం తీసేస్తాడు. జనం ఊపిరి బిగబడతారు. అప్పుడు పడుతుంది చూడండి టెక్నో! మాట లేదు, రాగం లేదు, ధన్ ధన్ ధన్ ధన్. మేనత్తలకు పూనకం వచ్చిందేమోనని ఎవరో వేపమండలు తెచ్చారు.

పెండ్లిలో గొడవలు దేనివల్ల వస్తాయి? మాటలవల్ల! తనకు కాఫీ ఇవ్వలేదని పెండ్లికొడుకు పెదనాన్న ఎంతసేపు అరిచినా ఎవరికీ వినబడలేదు. ఆయన పాడుతున్నాడనుకుని పెండ్లికూతురి నాయన పక్కన చేరి ఎగిరాడు. కాసేపటికి ఇద్దరూ భుజాల మీద చేతులేసుకున్నారు. ఏ పంచాయతీ చేస్తుందండీ ఇంత పని?

చెవులు వినబడని రామప్ప తాత ఏళ్ళ తరబడి పెండ్లిళ్ళలో ఒంటరిగా కూర్చునేవాడు. ఆ రోజు అందరికీ ఆయనే గురువు. మంచినీళ్ళు కావాలంటే చేతులతో ఎట్లా అడగాలో నేర్పించాడు. సమానత్వమంటే ఇది కాదా?

దారి పక్కన కట్టేసిన పొట్టి పుంగనూరు ఆవు బేస్ పడినప్పుడల్లా నేల విడిచి లేస్తోంది. ఎత్తు పెరిగింది, ఇంక ధర పలకదని దాని యజమాని కంగారుపడ్డాడు.

నేనూ తల ఊపాను. ఊపకుండా ఎవరుండగలరు? సరిగ్గా అప్పుడే లోకనాథ్ బావ వచ్చి నా చెవి దగ్గర ఏదో అన్నాడు. నేను ఊపుతూనే ఉన్నాను. నలుగురు పెద్దమనుషులు చుట్టూ చేరారు. బావ ఆకు, వక్క, టెంకాయ నా చేతిలో పెట్టాడు. పెండ్లికి వచ్చినవాళ్ళకు ఇచ్చే తాంబూలమే కదా అని కళ్ళకద్దుకుని సంచిలో వేసుకున్నాను. బావ నన్ను వాటేసుకున్నాడు. టెక్నో మనుషుల్ని ఎంత దగ్గర చేస్తుందో అనుకున్నాను!

మరునాడు బావ ఫోను చేశాడు. "పెద్దోళ్ళ ముందర తాంబూలం తీసుకుంటివి బావా. మీ నీరజను మా ధనుష్‌కు ఇచ్చే మాట ఖాయమైపోయె. ఇంక ఆలస్యం యాల?"

మా వైపు నలుగురి ముందు తాంబూలం తీసుకుంటే మాట ఇచ్చినట్టే. వంటింట్లోకి వెళ్ళి కూతురికి సంగతి చెప్పాను. నీరజ స్టవ్ ఆపింది.

"నాకా పిల్లోడు వద్దు నాయనా. నేను సదువుకుంటాండాను. నువ్వు తలకాయ ఊపే ముందర నన్నొక మాట అడగాల్సింది కదా" అంది.

ఆ మాట మాత్రం చాలా స్పష్టంగా వినబడింది. సిగ్గేసింది. వెంటనే కుప్పం బస్సెక్కాను.

ధనుష్ ఇంటి ముందర సౌండ్ బాక్సులు పెట్టి జాతరకు ప్రాక్టీస్ చేస్తున్నాడు. "వద్దు" అని అరిచాను. వినబడలేదు. తల అడ్డంగా ఊపాను, రెండు చేతులూ ఊపాను. మామ హుషారు చూసి వాడు దరువు ఇంకా పెంచాడు. బావ నా పక్కన ఎగిరాడు. ఆయన భార్య వీడియో తీసి, బంధువుల గ్రూపులో 'కాబోయే మామ సంబరం' అని పెట్టింది.

ఇంటికొచ్చి, సంబంధం వద్దని వాట్సాప్‌లో రాశాను. "వీడియో అందరూ సూసినారులే బావా, తమాషాలు సేయొద్దు" అని జవాబు వచ్చింది.

అందుకే ఈ వ్యాసం. ఆ ఇంటికి ఈ పత్రిక వెళ్తుంది. తిడుతూ మొదలుపెడితే ధనుష్ మొదటి వాక్యంలోనే పేజీ తిప్పేస్తాడు. పొగిడితే చివరిదాకా చదువుతాడని నా ఆశ.

నాయనా ధనుష్, ఇక్కడిదాకా వచ్చావా? మా నీరజకు ఈ పెండ్లి ఇష్టం లేదు. తాంబూలం వెనక్కి పంపిస్తున్నాను. ఈ ముక్క మీ నాయనకు చదివి వినిపించు. ముందు బాక్సులు ఆపు.