అరువు అమ్మ, అరువు బీగిల్

ఆ ఆదివారం పొద్దున భుజంగరావు వేసుకున్న పథకం చాలా సులువైనది. భార్య సత్యభామ కూరగాయలకని బయటికి వెళ్లగానే పై అంతస్తు స్టాన్లీ దగ్గర కుక్కను, కింది అంతస్తులో అందరూ పెద్దక్క అని పిలిచే ముసలావిడ దగ్గర ఆమెనే అరువు తెచ్చుకోవాలి. ఆనేకల్ నుంచి వచ్చే, కుక్కపిల్లలమ్మే సమీనా చూసి మెచ్చుకుని వెళ్లాక, ఎవరిని ఎక్కడినుంచి తెచ్చాడో అక్కడ దించేయాలి. సత్యభామకు అబద్ధమాడటం చేతకాదు కాబట్టి ఆమెకీ సంగతి చెప్పలేదు.

దీనంతటికీ కారణం బీగిల్ జాతి కుక్కల మీద ఆయనకున్న మోజు. సర్జాపుర రోడ్డులో ఫ్లాటు కొన్నప్పటినుంచీ వేలాడే చెవుల కుక్కపిల్ల ఒకటి ఇంట్లో తిరగాలని ఆయన కోరిక. మొదట కె.ఆర్.పురంలో ఒకాయన అట్టపెట్టెలో పిల్లను తెచ్చి చూపించాడు. "దీని తల్లేదీ?" అని సత్యభామ అడిగితే, "ఊరికి పోయిందమ్మా" అన్నాడు.

"తల్లిని చూపించనివాడి దగ్గర పిల్లను కొనేది లేదు," అని ఆమె భర్తను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది. తర్వాత కుక్కల డాక్టరును అడిగి, పదిమందిని విచారించి ఆమె పట్టుకున్న పేరే సమీనా. తల్లిని చూపిస్తుంది, తండ్రిని చూపిస్తుంది, వాటికి చేయించిన ఆరోగ్య పరీక్షలూ చూపిస్తుంది. చిక్కల్లా ఒకటే. కొనేవాళ్లను కూడా అంత శ్రద్ధగానూ పరీక్షిస్తుంది.

ఆ పరీక్ష ఫోనులో భుజంగరావుకే ఎదురైంది.

"పగలు ఇంట్లో ఎవరుంటారు సార్?"

ఆలుమగలిద్దరూ పొద్దున్నే తాళం వేసి ఆఫీసులకు పోతారు. "మా అమ్మ ఉంటుందండీ," అన్నాడాయన. అమ్మ అనంతపురంలో తమ్ముడి దగ్గర ఉంది.

"కుక్కను పెంచిన అలవాటుందా?"

"అయ్యో, ఇప్పుడు కూడా ఒకటుంది. బీగిలే!"

"అట్లయితే ఆదివారం వచ్చి చూస్తాను," అంది సమీనా. ఆమె పుట్టిల్లు హిందూపురం. ఆమెకు తెలుగు సరిగా రాక తప్పుగా విన్నదని తర్వాత తప్పించుకునే వీలు కూడా లేకపోయింది.

పై వాటాలో కొత్తగా అద్దెకు దిగిన స్టాన్లీ నిద్రకళ్లతోనే తలుపు తీసి, "వాకింగ్‌కా అంకుల్? తీసుకెళ్లండి," అని బిస్కెట్ అనే తన బీగిల్‌ను అప్పగించి మళ్లీ పడుకున్నాడు. ఓ పూట అమ్మగా కూచోడానికి పెద్దక్క ఇంకా సులువుగా ఒప్పుకుంది. "కూచోనుండేదే కదప్పా! యాడ కూచుంటే ఏముండాది?"

కూచోవడంతో ఆమె ఆగలేదు. సమీనా రాగానే, "మావాడు చిన్నప్పుడు మన్ను తింటాంటే నేనే కొట్టి మానిపిస్తి," అని మొదలుపెట్టింది. సమీనా ముచ్చటపడి వింటూంది. భుజంగరావు ఊపిరి పీల్చుకునేంతలో, పర్సు మరిచిపోయిన సత్యభామ ఖాళీ సంచులతో తిరిగొచ్చింది.

"ఏం కోడలా, యాడికి పోయింటివి? ఈయమ్మకు కాఫీ పెట్టుపో!" అంది పెద్దక్క.

సత్యభామ భర్తవైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు. కొత్త మనిషి ఎదుట గొడవెందుకని ఆమె వంటింట్లోకి నడిచింది.

అప్పుడే బాల్కనీ తలుపు తోసుకుని బిస్కెట్ దూసుకొచ్చింది. సమీనా మీదికి ఎగిరి, కుయ్‌మంటూ ముఖమంతా నాకేసింది. ఆమె దాని చెవి తిప్పి మచ్చ చూసింది. ముఖం ఎర్రబడింది.

"ఇది మా ఇంట్లో పుట్టిన పిల్ల! స్టాన్లీ అనే అబ్బాయికిచ్చినాను. ఎవరికీ ఇయ్యను, సాకలేకపోతే మీకే తెచ్చిస్తానని మాటిచ్చినాడు. మీ దగ్గరికి ఎట్లొచ్చె?"

భుజంగరావు నోరు తెరిచేలోగా ఆమె స్టాన్లీకి ఫోను కలిపింది. "బిస్కెట్ ఎక్కడ?"

"అంకుల్ అడిగారు మేడం, ఇచ్చాను," అన్నాడతను ఆవలిస్తూ.

"ఎంతకిచ్చినావు?"

"ఎంతకేంటి మేడం, ఊరికే!"

"ఊరికే ఇచ్చేసినావా!" సమీనా కుక్కను చంకనెత్తుకుని లేచింది. సంగతి అర్థమైన స్టాన్లీ ఒంటి చెప్పుతో మెట్లు దిగి వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ఇద్దరూ ఒకేసారి అరుస్తున్నారు. కుక్క ఇద్దరినీ నాకుతోంది.

కాఫీతో వచ్చిన సత్యభామ నిదానంగా అడిగింది. "ఏమండీ, అత్తయ్య అనంతపురంలో ఉండగా పెద్దక్కకు నేనెప్పుడు కోడలినయ్యాను?"

ఇక దాచడానికేమీ మిగల్లేదు. భుజంగరావు తలవంచుకుని మొత్తం చెప్పేశాడు. స్టాన్లీ తన కుక్కను గుండెకు హత్తుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"అబద్ధం చెప్పినారని కాదు సార్," అంది సమీనా. "పగలంతా తాళమేసిన ఇంట్లో పసిపిల్ల ఒకటే ఏడుస్తా కూచోవాలా? మీకియ్యను."

తలుపు వెనక ఏడ్చే పిల్ల భుజంగరావు కళ్ల ముందు కదిలింది. ఇన్నాళ్లూ ఆ ఆలోచనే రాలేదాయనకు. "నిజమేనండీ," అన్నాడు మెల్లగా.

"అమ్మా," అంది పెద్దక్క, "ఈయప్పకు నేను తల్లిననేది అబద్ధమే. పగలంతా ఇంట్లోనే ఉండేది మాత్రం నిజం. మా ఇంటాయప్ప పోయినాక ఒక్కదాన్నే ఉండాను. నాకిస్తావా?"

సమీనా మళ్లీ కూచుంది. అన్నీ అడిగింది. పెద్దక్క దేనికీ తడుముకోలేదు. "తిప్పుకొచ్చేది మాత్రం నా మోకాళ్లతో కాదు," అని కూడా దాచకుండా చెప్పింది. అందరూ భుజంగరావు వైపు చూశారు.

మరుసటి ఆదివారం పెద్దక్క, సత్యభామ ఆనేకల్ వెళ్లి, పిల్ల తల్లిని తృప్తిగా చూసి, పిల్లను తెచ్చుకున్నారు. ఇప్పుడు రోజూ పొద్దున దాన్ని తిప్పుకొచ్చే పని భుజంగరావుది. ఆరు నెలలు గమనించి, నడవడిక బాగుంటే ఆయన్ని ఆ పనిలో ఖాయం చేయొచ్చని సమీనా చెప్పింది.