పంపుసెట్టు శాంక్షను

ఆ మంగళవారం పొద్దున ప్రేమమ్మ పెట్టుకున్న పనల్లా కొరమేను తోమి పులుసు పెట్టడం, ఈలోగా కూతురి గదిలోకి పిల్లిని కూడా పోనివ్వకపోవడం. వర్షిణిది ఇంటి నుంచే చేసే ఉద్యోగం. ఆ రోజు వాళ్ళ పెద్ద సారు కంప్యూటర్లో కనబడి పరీక్ష పెడతాడు. నెగ్గితే పర్మనెంటు.

"గదిలో ఇంకో మనిషి కనబడకూడదమ్మా. కనబడితే ఉద్యోగం పోయినట్టే," అని చెప్పి వర్షిణి తలుపు వేసుకుంది.

ఆ ఉద్యోగమేమిటో చేరిన రోజే చెప్పింది. ప్రేమమ్మ తల ఊపింది. ఒకసారి ఊపాక మళ్ళీ అడగాలంటే సిగ్గు. అందుకని తలుపు సందులోంచి విన్నదాన్ని తనే కూడబలుక్కుంది. పంపుకో కోడట, సెట్టుకో కోడట. పంపు ఒకసారే ఇస్తారు, సెట్లు నెలనెలా ఇస్తారు. ఇది అప్రూవు, అది రిజెక్టు. ఇంకేముంది? ఆదివారం ఆరాధన అయ్యాక రోజా తన అల్లుడి కొత్త కారు గురించి సాగదీస్తుంటే నోరు ఊరుకోలేదు.

"మా వర్షిణి పంపుసెట్లు శాంక్షను చేస్తుంది. అమెరికా వాళ్ళవి."

రోజా ఆ మాట మొగుడు హనోకుతో అంది. హనోకు రొయ్యల చెరువు గట్టు మీద అన్నాడు. మర్నాటికి అది టీ కొట్టు చేరి, ఊరికే ఇచ్చే పంపుసెట్టయి కూర్చుంది.

ప్రేమమ్మ చేతులకి చేప పొలుసు ఉండగానే గేటు చప్పుడైంది. ముందు హనోకు, వెనక సంఘపెద్ద ఏసుపాదం, ఆయన వెనక సగం బజారు.

"వదినా, మాకు ఐదు హార్సుపవరుది చాలు," అన్నాడు హనోకు.

"చర్చి బోరుకి చిన్నదైనా పర్లేదమ్మా," అన్నాడు ఏసుపాదం.

తనకేమీ తెలియదని ఒక్క మాట చెబితే పోయేది. సంఘపెద్ద ముందు ఆ మాట రాలేదు.

"అయిపోయాయండి," అంది ప్రేమమ్మ.

వాకిలి గోలగోలైంది.

"అప్పుడేనా! ఎవరికిచ్చారు?"

"చల్లపల్లోళ్ళకే అయ్యుంటది. ఎప్పుడూ వాళ్ళే ముందు!"

"సొంత ఊరోళ్ళం కళ్ళకి ఆనలేదా వదినా?" అంటూ హనోకు, ఆమె అడ్డం పడేలోగా, వర్షిణి గది తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. "అమ్మాయ్, చెరువులో రొయ్యలు తేలిపోతన్నాయి. ఒక్క పంపుసెట్టు రాయి తల్లీ!"

తెర మీద పెద్ద సారు ధీరజ్ నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. వర్షిణి కుర్చీలోంచి లేచిపోయింది.

"బాబాయ్! అది షుగరు వాళ్ళు నడుముకి పెట్టుకునే పంపు. గుప్పిట్లో పడుతుంది. ఒంట్లోకి ఇన్సులిన్ పంపిస్తుంది. సెట్టంటే దాని గొట్టం. అమెరికాలో వాటి బిల్లు మీద ఏ కోడు నంబరు వేయాలో చూడటమే నా పని!"

హనోకు తన గుప్పిట తెరిచి చూసుకున్నాడు.

"అయితే ఎకరన్నర తోడదా?"

ప్రేమమ్మ గుమ్మంలో బిగుసుకుపోయింది. కళ్ళు తుడుచుకుందామంటే చేతులు నీసు.

"తప్పు నాది బాబూ," అంది, తెర వైపు చూడలేక. "అర్థం కాకుండానే తల ఊపాను. తర్వాత అడగటానికి సిగ్గేసింది. పిల్ల ఉద్యోగం తియ్యొద్దు."

ధీరజ్ అందరినీ బయటికి వెళ్ళమన్నాడు. ప్రేమమ్మ కూడా కదలబోతే, "మీరుండండమ్మా," అన్నాడు. ఆయన గొంతులో ఇంగ్లీషు పోయి గుడివాడ వచ్చింది. "పేషెంట్ల కాగితాలేవీ ఇంకా తెరవలేదు కాబట్టి సరిపోయింది. నేనడగాల్సిందీ పంపుకీ సెట్టుకీ తేడాయే. మీ అమ్మాయి రొయ్యల రైతుకి కూడా అర్థమయ్యేట్టు చెప్పేసింది. పాసండీ."

ఆగి, గొంతు తగ్గించాడు. "మా అమ్మ నేను డాక్టర్నని గుడివాడంతా చెప్పిందండి. ఎవరికి జ్వరమొచ్చినా నాకే ఫోను."

"మరి నువ్వేమంటావు బాబూ?"

"సిగ్నల్ లేదంటానండి," అని సారు తల దించుకున్నాడు.

సాయంత్రం పులుసు కోసం గిన్నె పట్టుకుని వచ్చిన రోజా అటూ ఇటూ చూసి, చెవి దగ్గరికి వంగింది.

"మాకంటే లేదు సరే. చల్లపల్లోళ్ళకైతే ఇచ్చేశారుగా అక్కా?"

ప్రేమమ్మ అలవాటు చొప్పున తల సగం ఊపి, అక్కడే ఆపేసింది.